స్టాఫ్ గ్రూపులో ముందుగా తన పాఠం పెట్టవలసింది ప్రధానోపాధ్యాయులే

సంపాదకులకు నమస్కారం.

ఉపాధ్యాయులు బడి వేళల్లో ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారన్న ఫిర్యాదు పత్రికల్లో తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. అందులో నిజం లేదని నేను వాదించబోవడం లేదు. అయితే ఆ ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఫోను నిషేధించడమా, చూసీచూడనట్టు వదిలేయడమా అన్న రెండు దారుల మధ్యే చర్చ తిరుగుతోంది. ఉపాధ్యాయుల చేతిలోని ఫోను వాళ్ల పాఠాన్ని మెరుగుపరిచే సాధనం కాగలదా, అలా కావాలంటే బడిని నడిపేవారు ఏం చేయాలి అన్న ప్రశ్న దాకా ఆ చర్చ రావడం లేదు. 20 ఏళ్లకు పైగా గణితం బోధించి, ఇప్పుడు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేస్తున్న నేను ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. సామాజిక మాధ్యమాల ద్వారా ఉపాధ్యాయులు వృత్తిలో ఎదగడం సాధ్యమే. ప్రధానోపాధ్యాయులు తమ సొంత పాఠాన్ని, అందులో తమకు అంతుపట్టని చోటుతో సహా, అందరికంటే ముందు సహోద్యోగుల ఎదుట పెట్టిన బడిలోనే అది జరుగుతుంది. మిగిలిన బడుల్లో వాట్సాప్ గ్రూపు ఉంటుంది, అందులో సందేశాలు ఉంటాయి, నేర్చుకోవడం మాత్రం ఉండదు.

ఒక మామూలు స్టాఫ్ గ్రూపు ఎలా ఉంటుందో ఉపాధ్యాయులు కాని పాఠకులకు తెలియకపోవచ్చు. కొన్నేళ్ల క్రితం నేను సభ్యురాలిగా ఉన్న ఒక గ్రూపులో వారం రోజుల సందేశాలను మొదటినుంచీ చివరిదాకా ఒకే బిగిన చదివాను. హాజరు వివరాలు వెంటనే పంపాలని ఒక సందేశం, దాని కింద వరసగా ‘నోటెడ్ సర్’లు, వివరాలు ఇంకా పంపనివారి పేర్ల జాబితా, ఒక సర్క్యులర్, అదే సర్క్యులర్ మరొకరి నుంచి మళ్లీ ఫార్వర్డ్, ఉదయం పువ్వుల బొమ్మలు, ఎవరిదో పుట్టినరోజు, దానికి శుభాకాంక్షలు, రాత్రి 10 గంటలకు మరునాటి ఉదయానికల్లా నింపి పంపవలసిన ఒక పట్టిక. ఆ వారం ఆ బడిలో కొన్ని వందల పీరియడ్ల పాఠాలు జరిగి ఉంటాయి. వాటిలో ఏ ఒక్క పాఠం గురించీ ఆ గ్రూపులో ఒక్క మాటా లేదు. పాఠాలు చెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లు పాఠం ఊసు లేకుండా రోజంతా మాట్లాడుకున్నారన్నమాట. అది చదివాక నాకు బాధ కలిగింది. ఎందుకంటే ఆ మౌనంలో నా పాలూ ఉంది.

ఈ మౌనానికి వాట్సాప్ కారణం కాదు. అది అంతకు చాలా ముందే ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ఉపాధ్యాయ వృత్తిపై తన అధ్యయనాన్ని ప్రచురించినప్పుడు బడిని గుడ్లు అమర్చే అట్టపెట్టెతో పోల్చారు. ఒక్కో గుడ్డుకు ఒక్కో గుంట ఉన్నట్టే, ఒక్కో ఉపాధ్యాయుడికి ఒక్కో గది. పక్క గదిలో అదే పాఠాన్ని మరొకరు ఎలా చెబుతున్నారో చూసే అవకాశం లేకుండానే ఒక ఉపాధ్యాయుడి ఉద్యోగ జీవితం గడిచిపోతుంది. వైద్యుడు తోటి వైద్యుడి పనిని చూస్తూ నేర్చుకుంటాడు, న్యాయవాది తన సీనియర్ వాదన విని నేర్చుకుంటాడు. ఉపాధ్యాయుడు మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచే తలుపు మూసుకుని ఒంటరిగా నేర్చుకోవాలి. చిన్న బడిలో పరిస్థితి మరీ కష్టం. భౌతిక శాస్త్రానికి ఒక్కరే, గణితానికి ఒక్కరే ఉన్నచోట సందేహం వస్తే అడగడానికి ఆ భవనంలో మరో మనిషే ఉండరు.

సామాజిక మాధ్యమం ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనకు కొత్త సమాచారం రోజూ కలిసే ఆప్తులకంటే అప్పుడప్పుడు పలకరించుకునే పరిచయస్థుల ద్వారానే ఎక్కువగా అందుతుందని చూపించారు. ఆప్తులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి గనుక అలా జరుగుతుంది. స్టాఫ్ రూమ్‌లో పదేళ్లుగా పక్కపక్కన కూర్చుంటున్న నలుగురికి తట్టని ఉపాయం ఎక్కడో ముఖపరిచయమైనా లేని ఉపాధ్యాయురాలికి తట్టి ఉండవచ్చు. ఆమెకూ మనకూ మధ్య ఇదివరకు లేని దారి ఇప్పుడు ఉంది.

ఆ దారిని వాడుకున్నవాళ్లు ఉన్నారు కూడా. 2006లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో కొందరు ఉపాధ్యాయులు టీచ్‌మీట్ పేరుతో ఒకచోట చేరి, ఒక్కొక్కరు 7 నిమిషాలకు మించకుండా తమ తరగతి గదిలో పనికివచ్చిన ఒక పద్ధతిని చెప్పుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఉపన్యాసకులు వేరు, శ్రోతలు వేరు అన్న తేడా అందులో లేదు. 2009లో ట్విటర్‌లో ఎడ్‌చాట్ అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఉపాధ్యాయుల వారపు చర్చ మొదలైంది. ముందే నిర్ణయించిన వేళకు ఒకే అంశంపై ఎవరైనా వచ్చి మాట్లాడే వీలుండేది. 2013లో టామ్ బెన్నెట్ అనే ఉపాధ్యాయుడు ట్విటర్‌లో జరిగిన సంభాషణ ఊతంగా లండన్‌లో రీసెర్చ్‌ఎడ్ అనే సమావేశాన్ని ఏర్పాటు చేశారు. విద్యా పరిశోధనల్లో ఏది నమ్మదగినది, ఏది కాదు అని ఉపాధ్యాయులే తర్కించుకునే ఆ వేదిక తర్వాత చాలా దేశాలకు పాకింది. ఈ ఏర్పాట్లేవీ పైనుంచి వచ్చిన ఆదేశాలతో పుట్టలేదన్నది గమనించాలి.

ప్రధానోపాధ్యాయుల విషయానికి వస్తే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో న్యూ మిల్‌ఫోర్డ్ హైస్కూలుకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఎరిక్ షెనింజర్ ఉదాహరణ నాకు నచ్చుతుంది. బడిలో ఫోన్లు ఉండకూడదని గట్టిగా నమ్మిన ఆయన 2009లో బడి సమాచారం పదిమందికీ చేరవేయడానికని ట్విటర్‌లో చేరారు. అక్కడ ఇతర బడుల నాయకుల అనుభవాలు చదువుతూ పోగా తన అభిప్రాయాలే మారాయని ఆ తర్వాత ఆయనే చెప్పుకున్నారు. నాకు ముఖ్యంగా తోచింది ఆ వరస. ఆయన చాటడానికి వెళ్లి, నేర్చుకోవడానికి ఆగారు. మనలో ఎక్కువమంది చాటడం దగ్గరే ఉండిపోతున్నాం. బడి పేరుతో ఒక పేజీ తెరుస్తాం, అందులో బహుమతి ప్రదానాలు, అతిథుల రాక, ర్యాంకుల ఫొటోలు పెడతాం. తల్లిదండ్రులకు ఆ పేజీ అవసరమే, కాదనను. దాన్ని చూసి ఒక ఉపాధ్యాయుడు రేపటి పాఠం ఇంకాస్త బాగా చెబుతాడా అంటే చెప్పడు.

ఇక మా బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను ప్రధానోపాధ్యాయురాలినయ్యాక కూడా వారానికి కొన్ని పీరియడ్లు ఆరో తరగతికి గణితం చెబుతూ వచ్చాను. ఒకరోజు రెండింట ఒక వంతు (1/2), మూడింట ఒక వంతు (1/3) కలిపితే ఎంత అని నల్లబల్ల మీద రాసి అడిగితే, సగానికి సగం మంది పిల్లలు ఐదింట రెండు వంతులు (2/5) అని రాశారు. లవాలు రెండూ కలిపారు, హారాలు రెండూ కలిపారు. ఆ పాఠం నేను కొత్తగా చెప్పింది కాదు. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. ప్రతి ఏటా ఇదే తప్పు వస్తుంది, ప్రతి ఏటా క.సా.గు. తీసుకోవాలని నియమం మళ్లీ చెబుతాను, వారం తర్వాత అదే తప్పు మళ్లీ కనిపిస్తుంది. ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకంలో పేరు కనిపించకుండా ఆ ఒక్క లెక్కను మాత్రం ఫొటో తీసి, ‘ఈ తప్పును నేను ఇన్నేళ్లుగా పోగొట్టలేకపోతున్నాను, పిల్లలు ఇలా ఎందుకు చేస్తారో మీకు తెలిస్తే చెప్పండి’ అని బడిలో బోధన కోసమే పెట్టుకున్న గ్రూపులో రాశాను. నిజం చెప్పాలంటే పంపే ముందు చాలాసేపు వేలు ఆ మీట మీదే ఆగింది. ప్రధానోపాధ్యాయురాలికి, అందులోనూ గణితం చెప్పే మనిషికి, భిన్నాల కూడిక నేర్పడం రాదని పదిమందికీ చెప్పుకోవడం తేలికైన పని కాదు.

ఒక గంటసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ప్రాథమిక తరగతులు చెప్పే ఉపాధ్యాయురాలు ఒకరు, పిల్లలను ముందు జవాబు రాయనివ్వవద్దనీ, ఒకే పొడవున్న కాగితపు పట్టీలు మడతపెట్టించి సగాన్నీ మూడో వంతునూ పక్కపక్కన పెట్టించమనీ రాశారు. ఐదింట రెండు వంతుల పట్టీని సగం పట్టీ పక్కన పెడితే అది సగం కంటే చిన్నదిగా కనిపిస్తుంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గడం ఎలా సాధ్యం అని పిల్లలే అడుగుతారని ఆమె మాట. అది నాకు చాలా నచ్చింది. అయితే ఆ రాత్రి నన్ను నిజంగా ఆలోచింపజేసిన జవాబు విజ్ఞాన శాస్త్రం చెప్పే ఒక యువ ఉపాధ్యాయుడిది. పిల్లలు ఆ పద్ధతిని గాలిలోంచి తెచ్చుకోలేదండీ, మనమే రోజూ చూపిస్తున్నాం అని రాశాడాయన. ఒక పరీక్షలో రెండు ప్రశ్నలకు ఒకటి, ఇంకో పరీక్షలో మూడు ప్రశ్నలకు ఒకటి సరిగ్గా రాస్తే, మొత్తం ఐదింటికి రెండు అని మనమే మార్కులు కూడతాం, దాన్ని భిన్నంలాగే అడ్డగీత గీసి రాస్తాం. అక్కడ లవాలు లవాలతో, హారాలు హారాలతోనే కలుస్తాయి. అది సరైన లెక్కే. కానీ అక్కడ మొత్తం మారిపోతోంది, భిన్నాల కూడికలో మొత్తం ఒక్కటే. ఈ తేడా మనం పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

గణితంలో డిగ్రీ ఉన్న నాకు ఇన్నేళ్లలో ఈ ఆలోచన రాలేదు. మరునాడు తరగతిలో నల్లబల్లకు ఒకవైపు మార్కుల కూడిక, మరోవైపు కాగితపు పట్టీలు పెట్టి, రెండింటిలో ఏం తేడా ఉందో మీరే చెప్పండి అని అడిగాను. వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, ‘ఇక్కడ పట్టీ ఒకటే టీచర్, అక్కడ పరీక్షలు రెండు’ అంది. ఆ పీరియడ్ ఎలా గడిచిందో ఆ రాత్రి గ్రూపులో రాశాను. పట్టీల దగ్గర సమయం ఎక్కువ పట్టిందనీ, ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇంకా స్పష్టం కాలేదనీ కూడా దాచకుండా రాశాను. ఆ తర్వాతి వారంనుంచి గ్రూపులో ఫొటోలు రావడం మొదలైంది. వ్యాకరణంలో పిల్లలు తడబడుతున్న చోటు, పటంలో దిక్కులు గుర్తించలేకపోవడం, ప్రయోగం విఫలమైన పీరియడ్. అవేవీ నేను పంపమని అడిగినవి కావు.

ఇదే పనిని తలకిందులుగా చేస్తే ఏమవుతుందో కూడా నాకు స్వానుభవం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో అప్పటి ప్రధానోపాధ్యాయులు తరగతి గదుల ముందు తిరుగుతూ, నేను బల్ల మీద తొందరలో తప్పుగా రాసిన ఒక గుర్తును ఫొటో తీసి, ఇటువంటి అజాగ్రత్త సహించబడదు అన్న వాక్యంతో అందరూ ఉన్న గ్రూపులో పెట్టారు. తప్పు నాదే. పీరియడ్ అయ్యాక పిలిచి చెప్పి ఉంటే జీవితాంతం గుర్తుపెట్టుకునేదాన్ని. దానికి బదులు నేను నేర్చుకున్నది వేరు. బల్ల మీద వీలైనంత తక్కువ రాయాలని, ఎవరైనా కిటికీ దగ్గరికి వస్తే తెలిసిన పాఠమే చెబుతూ ఉండాలని, గ్రూపులో ‘నోటెడ్’ తప్ప మరో మాట రాయకూడదని నేర్చుకున్నాను. నేనే కాదు, ఆ ఫొటో చూసిన ప్రతి ఉపాధ్యాయుడూ అదే నేర్చుకున్నారు. ఒక్క పోస్టుతో ఆ బడిలో పాఠం గురించి మాట్లాడుకోవడం ఆగిపోయింది. ఉపాధ్యాయుల పొరపాటును గ్రూపులో పెట్టే హక్కు ఆ పొరపాటు చేసినవారికే ఉండాలన్న నియమం మా బడిలో నేను పెట్టడానికి కారణం ఆ రోజే.

అందుకే ఆదేశాల గ్రూపునూ నేర్చుకునే గ్రూపునూ విడదీయాలని తోటి ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగే సౌకర్యం వాట్సాప్‌లో 2018 నుంచి ఉంది. సర్క్యులర్లు, పట్టికలు, గడువులు అన్నీ అలాంటి గ్రూపులోకి వెళ్లాలి. అక్కడ జవాబుల అవసరమే లేదు. బోధన గ్రూపులోకి ఒక్క ఆదేశం వచ్చినా దాని స్వభావం మారిపోతుంది. పై అధికారి మాట పక్కనే తన సందేహాన్ని పెట్టాలంటే ఎవరైనా జంకుతారు. బోధన గ్రూపు చిన్నదిగా ఉండడం కూడా ముఖ్యం. వాట్సాప్ 2022 నుంచి ఒక గ్రూపులో 1,024 మందిని చేర్చుకోనిస్తోంది కదా అని అంతమందినీ చేర్చితే అది సభ అవుతుంది గానీ సంభాషణ కాదు. ఒకే సబ్జెక్టు లేదా ఒకే తరగతి చెప్పే పదిపన్నెండు మంది చాలు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు వేరే బడులవాళ్లు అయితే మరీ మంచిది.

వేళ విషయంలో ప్రధానోపాధ్యాయులు తమకు తామే హద్దు గీసుకోవాలి. పని వేళలు దాటాక యాజమాన్యం పంపే సందేశాలకు జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి చట్టంలో చేర్చింది, ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో అదే దారి పట్టింది. మనకు చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. నేను రాత్రి 8 దాటాక ఆదేశాల గ్రూపులో ఏమీ పంపను. బోధన గ్రూపులో ఎవరు ఏ వేళ రాసినా, మరునాడు చదివినా తప్పు లేదని, అసలు చదవకపోయినా అడిగేవారు లేరని మొదటి రోజే చెప్పాను. ఇంటికి వెళ్లాక వంటింటి పనీ పిల్లల చదువూ చూసుకునే ఉపాధ్యాయురాలికి వృత్తిపరమైన ఎదుగుదల పేరుతో మరో రెండు గంటల ఫోను పని పెట్టడం అన్యాయం. చాలామంది ఈ విషయంలో నోరు విప్పరు గనుక ప్రధానోపాధ్యాయులే గ్రహించాలి.

మహిళా ఉపాధ్యాయుల గురించి మరో మాట కూడా చెప్పాలి. మామూలు గ్రూపుల్లో ప్రతి సభ్యురాలి ఫోన్ నంబరూ మిగతా సభ్యులందరికీ కనిపిస్తుంది. పెద్ద గ్రూపులో ప్రశ్న అడిగినందుకు అపరిచితుల నుంచి వేళకాని వేళ వ్యక్తిగత సందేశాలు వచ్చాయని నాతో చెప్పుకున్న ఉపాధ్యాయురాళ్లు ఉన్నారు. వాళ్లు ఆ తర్వాత ప్రశ్నలు అడగడం మానేశారు. బయటి గ్రూపుల్లో పాల్గొనమని ప్రోత్సహించే ప్రధానోపాధ్యాయులు, అలాంటిది జరిగితే ముందుగా తమకే చెప్పవచ్చునన్న ధైర్యాన్ని కూడా ఇవ్వాలి. ఇక పిల్లల ముఖాలు, పేర్లు, మార్కులు ఏ గ్రూపులోనూ ఉండకూడదు. తప్పును చర్చించడానికి లెక్క ఒక్కటీ కనిపిస్తే చాలు, ఆ తప్పు చేసిన బిడ్డ కనిపించనక్కరలేదు.

గ్రూపుల్లోకి వచ్చే ‘విద్యా విజ్ఞానం’ సంగతి మరికొంత వివరంగా రాయాలి. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం, స్వయంగా చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని చెప్పే ఒక త్రికోణపు బొమ్మను చూడని ఉపాధ్యాయుడు ఉండడేమో. దాని కింద ఎడ్గర్ డేల్ అని పేరు కూడా ఉంటుంది. డేల్ అనే అమెరికా విద్యావేత్త 1946లో అనుభవాల శంకువు అనే బొమ్మను ప్రచురించిన మాట నిజం. ఆయన బొమ్మలో ఈ శాతాలు లేవు. అవి తర్వాత ఎవరో తగిలించినవి, వాటి వెనక చూపించదగిన ప్రయోగమేదీ లేదు. అలాగే కొందరు పిల్లలు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకునే రకాలుగా పుడతారనీ, ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారనీ మరో నమ్మకం. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో అప్పటికి ఉన్న పరిశోధనలన్నీ సమీక్షించి, అలా విడదీసి బోధించడాన్ని సమర్థించేందుకు తగిన ఆధారం లేదని తేల్చారు. అయినా ఈ రెండూ ప్రతి విద్యా సంవత్సరం ఆరంభంలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. తరచూ పంపేది ప్రధానోపాధ్యాయులే. నేనూ ఆ త్రికోణాన్ని ఒకప్పుడు పంపినదాన్నే. అది తప్పని తెలిసినరోజు ఆ సంగతి అదే గ్రూపులో రాసి క్షమాపణ చెప్పాను. అప్పటినుంచి మా గ్రూపులో ఒక అలవాటు ఏర్పడింది. ఎవరు ఏది పంపినా ‘ఇది ఎవరు, ఎక్కడ, ఎంతమంది పిల్లలతో చేసి చూశారు’ అని అడగవచ్చు, అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకూడదు. ఒక శిక్షణ తరగతిలో వినే ఉపన్యాసంకంటే ఆ ప్రశ్న అడగడం అలవాటు కావడమే ఉపాధ్యాయుడికి ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ఫోనులో చూసినదంతా తరగతి గదిలోకి దానంతట అది రాదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యా పరిశోధకులు 1980లలోనే ఉపాధ్యాయ శిక్షణను పరిశీలించి, ఒక పద్ధతిని వివరించినంత మాత్రాన, చేసి చూపించినంత మాత్రాన కూడా అది తరగతిలో అరుదుగానే నిలుస్తుందనీ, తోటి ఉపాధ్యాయుడు పక్కనుండి చూసి సాయం చేసినప్పుడే నిలుస్తుందనీ రాశారు. మంచి బోధన వీడియో ఒకటి చూసి మెచ్చుకుంటూ బొటనవేలి బొమ్మ పెట్టిన 40 మందిలో దాన్ని ప్రయత్నించేవారు ఒకరో ఇద్దరో. ఇక్కడ యాప్ చేయగలిగింది ఏమీ లేదు, టైమ్‌టేబుల్ చేయాలి. టైమ్‌టేబుల్ ప్రధానోపాధ్యాయుల చేతిలోనే ఉంటుంది. మా బడిలో ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరికి వారంలో ఒక పీరియడ్ ఒకేసారి ఖాళీ ఉండేలా వేశాను. ఎవరైనా గ్రూపులో చూసిన పద్ధతిని ప్రయత్నిస్తానంటే, ఆ పద్ధతితో పాఠం చెప్పే పీరియడ్‌కు మరొకరు వెళ్లి వెనక కూర్చుని చూస్తారు. ఆ వేళ చూడడానికి వెళ్లినవారికి తరగతి ఉంటే దాన్ని నేను తీసుకుంటాను. అది నా ఆఫీసు పనిలోంచి 45 నిమిషాలు తీసేస్తుంది, కొన్ని కాగితాలు ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యానికి నేను ఇప్పటిదాకా చింతించలేదు.

ఫోను వాడడం అంతగా రాని, లేదా ఇష్టపడని పెద్ద ఉపాధ్యాయులను వెనకబడినవారిగా చూడకూడదు. మా బడిలో పదవీ విరమణకు దగ్గరపడిన భాషోపాధ్యాయులు ఒకరు గ్రూపులో ఎప్పుడూ రాయరు. ఆయన పద్యం చెప్పే తీరును ఆయన అనుమతితో మరొకరు గొంతు మాత్రమే రికార్డు చేసి పంపారు. యతి దగ్గర ఎక్కడ ఆగాలో, పదవిభాగం ఎప్పుడు చెప్పాలో ఆ 6 నిమిషాల్లో ఉంది. గ్రూపులో ఒక్క మాట రాయకుండానే ఆయన ఎందరికో పాఠం చెప్పారు. అంతమంది విన్నారని తెలిశాక ఆయన అడిగింది ఒక్కటే, ‘చివరి పాదం ఇంకొంచెం నిదానంగా చదివి మళ్లీ పంపవచ్చా?’ అని.

గ్రూపులో వచ్చిన మంచి విషయం నెల తిరిగేసరికి వందల సందేశాల అడుగున పడిపోతుంది. జూన్‌లో చర్చించినది నవంబరులో ఆ పాఠం వచ్చేటప్పటికి దొరకదు. నెలకొకరు వంతు వేసుకుని పనికొచ్చినవాటిని పాఠాల వారీగా ఒక మామూలు నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నాం. అది స్టాఫ్ రూమ్ బల్ల మీద ఉంటుంది.

చివరిగా విద్యాశాఖల్లో, యాజమాన్యాల్లో నిర్ణయాలు తీసుకునే పెద్దలకు ఒక విన్నపం. దయచేసి దీన్నొక పథకంగా మార్చి, ఏ బడి నెలకు ఎన్ని పోస్టులు పెట్టింది, ఏ ఉపాధ్యాయుడు ఎన్ని వీడియోలు చూశాడు అని లెక్కలు అడగవద్దు. లెక్క అడిగిన రోజునుంచి పోస్టులు లెక్క కోసమే వస్తాయి. తప్పు జరిగిన పాఠం ఫొటో ఇక ఎవరూ పంపరు, అన్నీ రంగురంగుల చార్టుల ఫొటోలే వస్తాయి. పర్యవేక్షణకు వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయులను, ఈ ఏడాది మీ సహోద్యోగుల నుంచి మీరు నేర్చుకున్నది ఒకటి చెప్పండి అని అడిగితే చాలు.

ఈ వారం మా గ్రూపులో ప్రశ్న మళ్లీ నాదే. రెండు రుణసంఖ్యలను గుణిస్తే ధనసంఖ్య ఎందుకు వస్తుందో ఏడో తరగతి పిల్లలకు అప్పుల ఉదాహరణతో చెప్పబోయాను. ‘అప్పును అప్పుతో గుణించడమంటే ఏమిటి టీచర్?’ అని ఒక అబ్బాయి అడిగాడు, నా దగ్గర సమాధానం లేకపోయింది. గుణకార పట్టికను వెనక్కి నడిపించి, ప్రతి మెట్టులో ఫలితం ఎంత పెరుగుతోందో చూపించమని ఒకరు సూచించారు. రేపు అది ప్రయత్నిస్తున్నాను. ఇంతకంటే తేలికైన దారి మీ పాఠకుల్లోని ఉపాధ్యాయులకు తెలిసి ఉంటే, మీ పత్రిక ద్వారా రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రధానోపాధ్యాయురాలు